పరామర్శకు వచ్చే కుక్క మనకు ఏమి నేర్పుతుంది?



"ఆసుపత్రిలోకి కుక్కా? గేటు దగ్గర ఉన్నవాటినే తరమలేకపోతుంటే, మంచం దాకా కూడా తీసుకొస్తారా?" థెరపీ కుక్కల గురించి చెప్పగానే మన ప్రాంతంలో ఎవరైనా ముందు అనే మాట ఇది. ఈ మాటలో తప్పేమీ లేదు. అమలాపురంలో గానీ, రాజోలులో గానీ, కొత్తపేటలో గానీ చీకటి పడ్డాక వీధిలో నడిచేవారికి కుక్క అనగానే ముందు భయమే గుర్తుకొస్తుంది. ఆ భయానికి కారణాలూ ఉన్నాయి.

అయినా ఈ సంచికలో ఆ సంగతే రాస్తున్నాము. దేశవిదేశాల్లో ఎన్నో ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడుల్లో శిక్షణ పొందిన కుక్కలను తీసుకొచ్చి రోగులను పలకరిస్తున్నారు. పత్రికల్లో, టీవీల్లో ఇలాంటి వార్తలు చూసి "మన దగ్గర కూడా పెట్టవచ్చు కదా" అనేవారు కొందరు, "ఇదంతా డబ్బున్నవాళ్ళ ముచ్చట" అని కొట్టిపారేసేవారు కొందరు. మా అభిప్రాయం ఈ రెండింటికీ కొంచెం వేరుగా ఉంది. మన వార్డుల్లోకి కుక్కను తీసుకురావడానికి తొందరపడనక్కరలేదు. అందుకు కావలసిన షరతులు ఇంకా మన దగ్గర సమకూరలేదు. కానీ ఆ కుక్క, దాని వెంట వచ్చే మనిషి రోగిని పలకరించే పద్ధతి ఒకటుంది. దాన్ని నేర్చుకోవడానికి కుక్క అవసరం లేదు, ఖర్చు లేదు. ఆ పని ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టవచ్చు.

థెరపీ కుక్క అంటే ఏమిటి?

ముందుగా ఒక తేడా తెలుసుకుందాం. చూపులేనివారిని రోడ్డు దాటించే కుక్క వేరు. అది ఒకే యజమానికి పని చేస్తుంది. దొంగలను, బాంబులను పసిగట్టే పోలీసు కుక్క వేరు. థెరపీ కుక్కకు ఇలాంటి పనులేమీ ఉండవు. అది చేసేదల్లా ఒక్కటే. తనకు పరిచయం లేని మనిషి దగ్గరికి నెమ్మదిగా వెళ్ళి, ఆ మనిషి తాకితే తాకనిచ్చి, కాసేపు పక్కన ఉంటుంది.

ఆ కుక్క ఒంటరిగా రాదు. దాని వెంట దానికి బాగా అలవాటైన మనిషి ఒకరు ఉంటారు. వీరిని హ్యాండ్లర్ అంటారు. చాలా చోట్ల వీరు జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు. సాధారణంగా ఆ కుక్క వారి ఇంట్లో పెరిగేదే. కుక్కకు పరీక్ష పెట్టినట్టే వీరికీ శిక్షణ, పరీక్ష ఉంటాయి. గొలుసు ఎప్పుడూ వీరి చేతిలోనే ఉంటుంది. ఏ మంచం దగ్గరికి వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు లేవాలో చూసేది వీరే. అందుచేత కుక్కనూ మనిషినీ కలిపి ఒక జంటగానే లెక్కిస్తారు.

ఈ పద్ధతి ఎలా మొదలైంది?

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన నర్సింగ్ పుస్తకంలోనే, ఎక్కువ కాలం మంచాన ఉండే రోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడు అవుతుందని రాశారు. అప్పట్లో దాన్ని ఎవరూ వైద్యంగా చూడలేదు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, న్యూగినీ అడవిలో అమెరికా సైనికులకు ఒక బుల్లి కుక్క దొరికింది. బరువు రెండు కిలోలకు మించదు. దాని పేరు స్మోకీ. దాన్ని పెంచుకున్న విలియం విన్ అనే సైనికుడికి డెంగ్యూ జ్వరం వచ్చి సైనిక ఆసుపత్రిలో చేరాడు. స్నేహితులు కుక్కను చూపించడానికి తీసుకొచ్చారు. దాన్ని చూసి నర్సులు, గాయపడిన ఇతర సైనికుల మంచాల దగ్గరికి కూడా తీసుకువెళ్ళడం మొదలుపెట్టారు. థెరపీ కుక్కల చరిత్ర చెప్పేవారు చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

తర్వాత న్యూయార్కులో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మానసిక వైద్య నిపుణుడికి ఒక అనుభవం ఎదురైంది. ఎవరితోనూ కలవని ఒక బాబును తల్లిదండ్రులు అనుకున్న సమయానికన్నా ముందే తీసుకొచ్చారు. ఆ సమయంలో ఆయన కుక్క జింగిల్స్ గదిలోనే ఉంది. అది బాబు దగ్గరికి వెళ్ళింది. బాబు భయపడలేదు, దాన్ని దగ్గరకు తీసుకున్నాడు. ఆ తర్వాత కుక్కతో ఆడుకుంటూ ఆడుకుంటూ డాక్టరుగారితో కూడా మాట్లాడసాగాడు. ఈ అనుభవాన్ని ఆయన 1960ల మొదట్లో తోటి నిపుణుల ముందు పెట్టినప్పుడు కొందరు నవ్వారు. ఆయన మాత్రం పట్టు వదలక రాస్తూనే ఉన్నారు.

ఎలైన్ స్మిత్ అనే నర్సు ఇంగ్లండులో పనిచేస్తున్నప్పుడు, ఒక చాప్లిన్‌గారు తన కుక్కను వెంటబెట్టుకుని రోగులను చూడటానికి వచ్చేవారు. రోగుల ముఖాల్లో వచ్చే మార్పును ఆమె గమనించారు. అమెరికా తిరిగి వెళ్ళాక 1976లో థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థను స్థాపించారు. మన ఆసియాలో 1991లో హాంకాంగ్‌లో జిల్ రాబిన్సన్ తన కుక్క మాక్స్‌ను ఒక పిల్లల ఆసుపత్రికి తీసుకువెళ్ళి 'డాక్టర్ డాగ్' అనే కార్యక్రమం ప్రారంభించారు. చెన్నైలోని బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా కూడా ఇదే పేరుతో కార్యక్రమం నడిపింది. ముంబయిలో మినాల్ కవీశ్వర్ అనే మానసిక నిపుణురాలు మొదలుపెట్టిన యానిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్ 2000ల దశకం నుంచి ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఇలాంటి కుక్కలతో పనిచేసింది.

తెలుగువారికి దగ్గరలో చూస్తే, 2025లో హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల ఆందోళన తగ్గించడానికి థెరపీ కుక్కలను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. మన కోనసీమ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎంతోమంది ఆ విమానాశ్రయం మీదుగానే వెళ్తుంటారు. పసిపిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి రెండేళ్ళ కాంట్రాక్టుకు బయలుదేరిన తల్లికి ఆ గుమ్మం దగ్గర గొంతు పట్టేసిన క్షణం ఎలాంటిదో మన కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు ఎవరో ఒకరు, లేదా ఏదో ఒక ప్రాణి, ఏమీ అడక్కుండా పక్కన నిలబడితే బాగుండునని అనిపించడం సహజమే.

నిజంగా పనిచేస్తుందా?

ఈ ప్రశ్న తప్పక అడగాలి. అమెరికాలో క్యాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, గుండె బలహీనపడి చేరిన 76 మంది రోగుల మీద ఒక పరిశోధన జరిగింది. దీన్ని 2007లో ప్రచురించారు. రోగులను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టు దగ్గరికి హ్యాండ్లర్, కుక్క కలిసి వెళ్ళారు. రెండో జట్టు దగ్గరికి కుక్క లేకుండా మనిషి మాత్రమే వెళ్ళారు. మూడో జట్టు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. పలకరింపు సమయం కేవలం 12 నిమిషాలు. కుక్క వచ్చిన వారిలో ఆందోళన సుమారు 24 శాతం తగ్గింది. గుండె, ఊపిరితిత్తుల మధ్య రక్తనాళాల్లో ఒత్తిడి కూడా తగ్గింది. మనిషి మాత్రమే వచ్చిన వారిలో ఆందోళన సుమారు 10 శాతం తగ్గింది. ఎవరూ రానివారిలో మార్పు లేదు.

ఈ అంకెల్లో అందరూ కుక్క గొప్పతనాన్నే చూస్తారు. మేము ఇంకొకటి కూడా చూడమంటున్నాము. పరిచయం లేని మనిషి పద్ధతిగా వచ్చి 12 నిమిషాలు కూర్చున్నా రోగికి మేలు జరిగింది. ఎవరూ రాకపోతే జరగలేదు.

అయితే ఇది మందుకు బదులు కాదు. కుక్కను నిమిరితే షుగరు తగ్గదు, గడ్డ కరగదు, ఇన్ఫెక్షను పోదు. ఈ రంగంలో జరిగిన పరిశోధనలు చాలావరకు తక్కువ మందితో, కొద్ది రోజులపాటు జరిగినవే. భయం, బెంగ, ఒంటరితనం కాస్త తగ్గుతాయని మాత్రం చాలా చోట్ల కనబడింది. మనసు కాస్త కుదుటపడిన రోగి వేళకు తింటాడు, నిద్రపోతాడు, చెప్పిన వ్యాయామం చేస్తాడు. ఆ మేరకు వైద్యానికి అది సహాయమే. దిగులు రోజుల తరబడి పోకపోతే, బతకాలని లేదనే మాట నోట వస్తుంటే, అది పలకరింపుతో పోయేది కాదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవలో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

మన భయం న్యాయమైనదే

భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు 2025లో ప్రచురించిన సర్వే ప్రకారం, మన దేశంలో ఏడాదికి సుమారు 91 లక్షల జంతు కాట్లు నమోదవుతాయని అంచనా. వాటిలో నాలుగింట మూడు వంతులు కుక్క కాట్లే. రేబిస్‌తో ఏడాదికి 5,700 మందికి పైగా చనిపోతున్నారని అదే సర్వే చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు దాదాపు బతుకు లేదు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆసుపత్రులు, బడులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కలను తొలగించాలని, అవి మళ్ళీ లోపలికి రాకుండా చూడాలని ఆదేశించింది. ఈ నేపథ్యంలో వీధికుక్కకూ థెరపీ కుక్కకూ తేడా తెలియకుండా ఎవరైనా "జంతుప్రేమ" పేరుతో కుక్కను వార్డులోకి తెస్తే అది ప్రేమ అనిపించుకోదు.

ఇక్కడ మరో అపోహ గురించి చెప్పాలి. లూకా సువార్త 16వ అధ్యాయంలో ధనవంతుని వాకిట పడివున్న లాజరు కథ మన సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మనుషులెవరూ దగ్గరికి రానప్పుడు కుక్కలే వచ్చి అతని కురుపులు నాకాయి. ఆ కథను తలచుకుని "కుక్క నాకితే పుండు మానుతుంది" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి అలా చేయనివ్వకండి. పుండు మీద, గీసుకుపోయిన చర్మం మీద కుక్క నాకితే అది కరిచినంత ప్రమాదంగానే లెక్క. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసర్లు పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. గాయం తీవ్రతను బట్టి ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షను కూడా వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. మొదటి డోసు వేయించుకుని నొప్పి తగ్గింది కదా అని మిగతావి మానేయకూడదు. కథలో మనం చూడవలసింది నాకడం గురించి కాదు, అతని దగ్గరికి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నదాని గురించి.

ఎప్పటికైనా మన జిల్లాలో ఏ ఆసుపత్రి అయినా థెరపీ కుక్కను పిలవాలనుకుంటే ఈ కనీస షరతులు ఉండాలి. అమెరికాలోని ఆసుపత్రి అంటువ్యాధుల నిపుణుల సంఘం 2015లో ఇచ్చిన సూచనలు ఇంచుమించు ఇవే.

1. కుక్క పిల్ల వయసు దాటి పెద్దదై ఉండాలి. ఆ ఇంట్లో కనీసం ఆరు నెలలుగా పెరుగుతూ ఉండాలి.
2. రేబిస్ టీకా పూర్తిగా వేయించి ఉండాలి. పశువైద్యుడు పరీక్షించి ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. నులిపురుగులు, పిడుదులు లేకుండా చూడాలి.
3. పచ్చిమాంసం తినే కుక్కను తీసుకురాకూడదు. దాని నుంచి క్రిములు రోగికి చేరవచ్చు.
4. కుక్క, హ్యాండ్లర్ ఇద్దరూ పరీక్షలో నెగ్గాలి. ఆ పరీక్ష మళ్ళీ మళ్ళీ జరగాలి. ఒక మనిషి ఒక్క కుక్కనే తీసుకురావాలి.
5. రోగి ముందూ వెనకా చేతులు శుభ్రం చేసుకోవాలి. కుక్క మంచం ఎక్కితే దాని కింద శుభ్రమైన దుప్పటి వేసి తర్వాత తీసేయాలి. నాకనివ్వకూడదు.
6. ఆపరేషన్ గదుల దగ్గరికి, కాలిన గాయాలవారి దగ్గరికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారి దగ్గరికి, అలర్జీ లేదా భయం ఉన్నవారి దగ్గరికి తీసుకువెళ్ళకూడదు.
7. ఒక రాకలో గంటకు మించకూడదు. కుక్క కూడా అలసిపోతుంది.

మంచి జాతి కుక్కే కావాలని ఎక్కడా లేదు. నెమ్మదైన గుణం, శిక్షణ ఉంటే మన ఊరి కుక్క కూడా ఈ పనికి పనికొస్తుంది. ఈ ఏడు షరతులూ సమకూరేదాకా మాత్రం వద్దనే మేము అంటాము.

హ్యాండ్లర్ దగ్గర నేర్చుకోవలసినది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కుక్క లేకపోయినా హ్యాండ్లర్ అలవాట్లు మనకు పనికొస్తాయి. వాటిని మన పరామర్శతో పోల్చి చూద్దాం.

మన కోనసీమలో పరామర్శకు లోటు లేదు. ఒకరు ఆసుపత్రిలో చేరారంటే ఆటో నిండా బంధువులు దిగుతారు. కొబ్బరి బొండాలు, చక్కెరకేళి అరటిపళ్ళు, బ్రెడ్డు, హార్లిక్సు సీసా వస్తాయి. ఇది మన మంచి అలవాటు. దీన్ని పోగొట్టుకోకూడదు. కొన్ని దేశాల్లో రోగిని చూడటానికి ఎవరూ రాకే స్వచ్ఛంద సేవకులను వెతుక్కోవలసి వచ్చింది.

కానీ వచ్చిన తర్వాత మనం చేసేది ఏమిటి? పదిమంది మంచం చుట్టూ నిలబడతాం. "అసలు ఎలా వచ్చింది?" అని మొదటినుంచీ చెప్పిస్తాం. రోగి అప్పటికి ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. "మా తోడల్లుడికీ ఇలాగే వచ్చిందండీ, పాపం మూడు నెలలు కూడా బతకలేదు" అంటాం. ఫలానా ఊళ్ళో పసరు మందు ఇస్తారంటాం. బిల్లు ఎంతయిందో అడుగుతాం. రోగి కళ్ళు మూసుకుంటే కదిపి లేపి "నేను వచ్చానే అత్తా" అని చెబుతాం. గంట తర్వాత మనం వెళ్ళిపోతాం. రోగి మరింత నీరసపడతాడు.

హ్యాండ్లర్ ఏమి చేస్తారో చూడండి.

మొదటిది, అనుమతి అడుగుతారు. ముందు నర్సమ్మను, తర్వాత రోగిని. "కాసేపు రావచ్చాండీ?" అంటారు. వద్దంటే నొచ్చుకోకుండా పక్క మంచానికి వెళ్తారు. ఆసుపత్రిలో రోగి చేతిలో ఏదీ ఉండదు. ఇంజెక్షను, స్కానింగు, పత్యం అన్నీ ఇతరులు నిర్ణయించినవే. "ఇప్పుడు వద్దు" అని చెప్పగలిగే అవకాశం ఒక్కటి దొరికినా అతనికి ధైర్యం.

రెండోది, చేతులు కడుక్కుంటారు. వచ్చినప్పుడు, వెళ్ళేటప్పుడు. మన పరామర్శలో ఇది దాదాపు లేదు. ఊరంతా తిరిగి వచ్చిన చేతులతోనే అప్పుడే పుట్టిన పాపను ఎత్తుకుంటాం.

మూడోది, కూర్చుంటారు. నిలబడి పైనుంచి మాట్లాడరు. రోగి కళ్ళకు సమానంగా, చేతికి అందే దూరంలో ఉంటారు.

నాలుగోది, ఆరా తీయరు. జబ్బు ఎలా వచ్చిందని గానీ, ఎవరి తప్పని గానీ అడగరు. రోగి చెబితే వింటారు. చెప్పకపోతే ఊరుకుంటారు. ఆ మౌనాన్ని పాడుచేయకుండా ఉండటం కుక్కకు స్వభావం. మనం సాధన చేయాలి.

ఐదోది, వేళకు వస్తారు, వేళకు వెళ్తారు. మంగళవారం నాలుగింటికి వస్తామంటే ఆ వేళకే వస్తారు. మంచాన ఉన్నవారికి ఎదురుచూడటానికి ఒక గడియ ఉండటం చిన్న సంగతి కాదు. అలసట కనబడకముందే లేస్తారు కూడా. కుక్క మాటిమాటికీ ఆవలిస్తుంటే, పెదవులు నాక్కుంటుంటే, ముఖం పక్కకు తిప్పుకుంటుంటే దానికి ఇబ్బందిగా ఉందని గ్రహించి బయటకు తీసుకుపోతారు. మన వార్డుల్లో పది రోజులుగా మంచం పక్కన నేల మీద పడుకుంటున్న భార్యనో, కోడలినో "నువ్వు తిన్నావా అమ్మా? కాసేపు పడుకో, నేను చూసుకుంటాను" అని అడిగేవారు ఎంతమంది?

ఆరోది, విన్నది బయట చెప్పరు. వార్డులో విన్న మాట సాయంత్రానికి ఊరి అరుగు మీదికి చేరితే, మరోసారి ఆ రోగి ఎవరితోనూ నోరు విప్పడు.

వీటన్నిటితోపాటు ఇంకొకటి. కుక్కకు జబ్బు పేరు తెలియదు. టీబీ వార్డు అయినా, హెచ్.ఐ.వి. ఉన్నవారైనా, కుష్ఠు వల్ల వేళ్ళు వంకరపోయినవారైనా దానికి తేడా లేదు. చదువుకున్న మనకే తేడా. ఎంత పెద్ద కుటుంబం ఉన్నా ఈ జబ్బులవారి మంచం దగ్గర చాలాసార్లు ఎవరూ కనబడరు. హెచ్.ఐ.వి. తాకితే, పక్కన కూర్చుంటే, కలిసి భోంచేస్తే అంటదు. చికిత్స మొదలైన కుష్ఠువ్యాధి చేయి పట్టుకుంటే రాదు. ఊపిరితిత్తుల టీబీ గాలి ద్వారా వస్తుంది కాబట్టి డాక్టరుగారిని అడిగి, మాస్కు పెట్టుకుని, గాలి బాగా ఆడేచోట కూర్చోవచ్చు. ఎన్నో నెలలుగా మందు ఇచ్చే చేయి తప్ప మరో చేయి తాకని మనుషులు మన మధ్య ఉన్నారు. వారి దగ్గరికి వెళ్ళడానికి కుక్కకు ఉన్నపాటి తెగువ మనకు లేకపోతే ఎలా?

ఇంటి దగ్గర ఉన్న ప్రాణులు

ఈ విషయం చర్చించేటప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన మరో సంగతి మరచిపోకూడదు. ఆసుపత్రిలో చేరమంటే "ఆయ్, ఇంటి దగ్గర గేదె ఉందండి, పాలు తీసేవాళ్ళు లేరండి" అని వెనక్కి వెళ్ళిపోయేవారు మనకు కొత్త కాదు. గోదావరికి వరద వచ్చినప్పుడు లంక గ్రామాలవారు పశువులను వదిలి రామని, వాటితోపాటే ఏటిగట్టు మీద రోజులు గడపడం 1986లోనూ చూశాం, 2022 జూలైలోనూ చూశాం. దీన్ని మొండితనం అనుకోకూడదు. ఆ ప్రాణి వారికి ఆదాయం, తోడు, రోజూ లేవడానికి ఒక కారణం.

పిల్లలు గల్ఫ్‌లోనో, హైదరాబాదులోనో ఉండి, ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దలకు వాకిట్లో పడుకునే కుక్కే రోజంతా మాట్లాడటానికి ఉన్న ఒకే ప్రాణి కావచ్చు. 1980లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికి వెళ్ళిన 92 మందిని ఏడాదిపాటు గమనించారు. పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు చనిపోయారు. లేని 39 మందిలో 11 మంది చనిపోయారు. జంతువే బతికించిందని దీన్నిబట్టి తేల్చలేము. ఓపిక ఉన్నవారే జంతువును పెంచి ఉండవచ్చు. కానీ రోగి బతుకులో ఆ ప్రాణికి స్థానం ఉందని వైద్యులు గమనించడానికి ఇది తోడ్పడింది.

కాబట్టి మా సూచన ఏమిటంటే, రోగిని చేర్చుకునేటప్పుడు పేరు, ఊరు, వయసుతోపాటు ఇంకొక ప్రశ్న అడగాలి. "ఇంటి దగ్గర మీరు చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా? వాటిని ఎవరు చూస్తున్నారు?" సమాధానం లేకపోతే ఆ ఊరి సంఘ కుటుంబాలకు కబురు చేయాలి. నాలుగు రోజులు గేదెకు గడ్డి వేసి, కుక్కకు అన్నం పెట్టి, ఆ సంగతి ఫోనులో రోగికి చెప్పడం కూడా పరామర్శే. ఆ ఫోను కోసమే ఎదురుచూస్తూ సెలైన్ పీకేసి ఇంటికి పోదామనుకునే మనిషి మరో నాలుగు రోజులు మంచం మీద ఉంటాడు. చికిత్స పూర్తవుతుంది.

కుక్కను పెంచుకునేవారికి ఒక మాట. దానికి ఏటా రేబిస్ టీకా తప్పక వేయించండి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేశారు. దాని జ్ఞాపకంగా ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం ఆనవాయితీ. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి.

మేము కోరేది

సంఘ కుటుంబాల్లో వీలున్నవారు ఇద్దరిద్దరు జతగా ఏర్పడి, వారానికి ఒక రోజు, ఒక గంట వార్డులో పలకరింపుకు కేటాయించండి. ముందు నర్సింగు సిస్టరును కలిసి ఎవరి దగ్గరికి ఎవరూ రావడం లేదో అడగండి. చేతులు కడుక్కోండి. ఒక్కొక్కరి దగ్గర పది పన్నెండు నిమిషాలు చాలు. స్టూలు వేసుకుని కూర్చోండి. రోగి కోరితే చేయి పట్టుకోండి, కోరితే ప్రార్థన చేయండి. కోరకపోతే ఊరికే కూర్చోండి. సలహాలు ఇంటి దగ్గరే వదిలి రండి. మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పి, ఆ రోజు తప్పకుండా వెళ్ళండి. రాలేకపోతే మీ జతలోని రెండోవారైనా వెళ్ళాలి. మాట ఇచ్చి రాకపోవడం అసలు రాకపోవడం కన్నా ఎక్కువ బాధిస్తుంది.

రోగులకు కూడా ఒక మాట. పలకరింపుకు వచ్చినవారిని "ఇప్పుడు ఓపిక లేదండీ" అని పంపేయడానికి మొహమాటపడకండి. అది మీ హక్కు. అలాగే ఎవరూ రావడం లేదని దిగులుగా ఉంటే ఆ సంగతి నర్సమ్మకు చెప్పండి. నొప్పి చెప్పినట్టే అదీ చెప్పవలసినదే.

కుక్క మన వార్డుకు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో, అది తర్వాతి సంగతి. ఈ వారం ఏ మంచం దగ్గర స్టూలు ఖాళీగా ఉందో ముందు అది చూద్దాం.